పోప్ గారి రాయబారి, మా ఊరి కాక అడిగిన ప్రశ్న

2022 ఆగస్టు చివర్లో మా ముడిమ్యాలకి పోయాను. గచ్చిబౌలి నుంచి బయల్దేరి, చిలుకూరు దాటి, మొయినాబాద్ దాటి, చేవెళ్ల రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో పోతుంటే ఆఫీసు, డెడ్ లైన్లు అన్నీ వెనకే ఉండిపోతాయి. ఊళ్ళో అరుగు మీద మా వీధి కాక ఒకాయన పేపరు చూస్తున్నాడు. చర్చికి పోయే మనిషి. పేపర్లో హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారని ఫోటోతో సహా వార్త ఉంది. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్. దళితుల్లో కూడా మొదటి కార్డినల్. కాక ఫోటో వైపు చాలాసేపు చూసి అడిగాడు:

"బిడ్డా, గీ పెద్దసారును ఎవరు ఎన్నుకున్నరు? గాళ్ళకు ఓట్లుంటయా?"

"లేదు కాకా, పోప్ గారు చేస్తరు."

"పోప్ రోమ్ ల ఉంటడు గద. గీయన కర్నూలు దిక్కు మనిషాయె. గాయనకెట్ల ఎరుక?"

నా దగ్గర సమాధానం లేదు. రోజంతా సిస్టమ్స్ ఎలా పనిచేస్తాయో కూపీలాగే ఉద్యోగం నాది. ఒక డేటా రోమ్ దాకా ఎలా వెళ్తుందో, మధ్యలో ఎవరు ఉన్నారో తెలియదంటే కొంచెం చిన్నతనంగా అనిపించింది. తర్వాత చదివాను, కాథలిక్ మిత్రులతో మాట్లాడాను. ఆ చదివిందీ, దాని మీద నా అభిప్రాయమూ ఈ టపా. ముందే చెప్తున్నా, నేను క్రైస్తవుణ్ణి కాను. చిలుకూరులో పదకొండు చుట్లు, వీసా వచ్చాక నూటెనిమిది చుట్లు తిరిగిన బాపతు. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాను. ఇంకో మాట, క్రైస్తవులందరికీ పోప్ పెద్ద కాదు. మా వికారాబాద్ వైపు మెథడిస్టులు పాతకాలం నుంచీ ఉన్నారు, వాళ్ళకి పోప్ తో సంబంధం లేదు. ఇక్కడ చెప్పేది కాథలిక్కుల సంగతి.

సరే, కాక ప్రశ్నకి జవాబులో మధ్య మనిషి పేరు నన్షియో. అంటే పోప్ గారి రాయబారి. ఢిల్లీ చాణక్యపురిలో అమెరికా, రష్యా, చైనా ఎంబసీలు ఉన్నట్టే ఈయనకీ ఒక కార్యాలయం ఉంది. హోదాలో ఆర్చిబిషప్, పనిలో డిప్లొమాట్.

రాయబారం అంటే మన తెలుగువాళ్ళకి వెంటనే కృష్ణుడు గుర్తొస్తాడు. తిరుపతి వేంకట కవుల పద్యాలు విననివాడు ఏ ఊళ్ళో ఉన్నాడు? అయితే కృష్ణుడి వెనక పాండవుల సైన్యం ఉంది. ఈ రాయబారి వెనక ఏముంది? వాటికన్ విస్తీర్ణం 44 హెక్టార్లు, అంటే దాదాపు 109 ఎకరాలు. మా చేవెళ్ల రోడ్డులో రియల్ ఎస్టేట్ వాళ్ళు వేసే వెంచర్లే అంతకంటే పెద్దవి కనిపిస్తాయి! ఆ నూట తొమ్మిది ఎకరాలకి నూట ఎనభైకి పైగా దేశాలతో దౌత్య సంబంధాలు ఉన్నాయి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. నన్షియో వాటికన్ అనే బుల్లి దేశానికి రాయబారి కాదు. 'హోలీ సీ' కి, అంటే పోప్ గారి పీఠానికి రాయబారి. వాటికన్ సిటీ అనే దేశం పుట్టింది 1929 లో. 1870 లో రోమ్ ఇటలీ చేతిలోకి పోయినప్పటి నుంచి 1929 దాకా పోప్ కి దేశమే లేదు. అయినా ఆ అరవై ఏళ్ళూ రాయబారులు వెళ్తూనే ఉన్నారు, వస్తూనే ఉన్నారు. మన భాషలో చెప్పాలంటే, సర్వర్ లేకపోయినా సర్వీసు ఆగలేదు. ఐక్యరాజ్యసమితిలో 1964 నుంచీ హోలీ సీ పరిశీలక హోదాలో కూర్చుంటోంది.

మన దేశానికి 1884 నుంచీ పోప్ ప్రతినిధి ఉన్నాడు, కానీ ఆయన 'డెలిగేట్'. అంటే ఇక్కడి చర్చితోనే మాట్లాడతాడు, ప్రభుత్వంతో లెక్క లేదు. స్వతంత్రం వచ్చాక 1948 లో నెహ్రూ ప్రభుత్వం దౌత్య సంబంధాలు పెట్టుకుంది. అప్పటిదాకా డెలిగేట్ గా ఉన్న కియర్కెల్స్ అనే డచ్ ఆయనే 'ఇంటర్ నన్షియో' అయ్యాడు. 1967 లో అది పూర్తి స్థాయి నన్షియేచర్ అయింది. అప్పటినుంచి ఈ ఉద్యోగికి ఇద్దరు క్లయింట్లు. ఒకరు భారత ప్రభుత్వం, ఇంకొకరు భారతదేశంలోని కాథలిక్ చర్చి. ఈ రెండో క్లయింటు సంగతే కాక అడిగింది. దానికి తర్వాత వస్తాను.

ముందు ఈ ఉద్యోగం ఎలా వస్తుందో చూద్దాం, మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. రోమ్ లో 1701 లో పెట్టిన ఒక అకాడమీ ఉంది. చర్చి డిప్లొమాట్లకి శిక్షణ ఇచ్చేది అక్కడే. మామూలు ఫాదర్ గా ఉన్న కుర్రవాణ్ణి ఆయన బిషప్ పంపితే అక్కడ చేరతాడు. చర్చి చట్టం చదవాలి, భాషలు నేర్చుకోవాలి. 2020 లో పోప్ ఫ్రాన్సిస్ ఇంకో నిబంధన పెట్టారు, ఒక ఏడాది ఎక్కడో మారుమూల మిషన్ లో పనిచేసి రావాలని. ప్రోడక్ట్ డిజైన్ చేసేవాణ్ణి ఏడాది సపోర్ట్ డెస్క్ లో కూర్చోబెట్టడం లాంటిదన్నమాట. మన కంపెనీల్లోనూ పెడితే బావుణ్ణు.

తర్వాత జూనియర్ గా ఒక ఎంబసీకి, సెక్రటరీగా ఇంకో దేశానికి, కౌన్సిలర్ గా మరో దేశానికి. ఇరవై ఏళ్ళు అటూ ఇటూ తిరిగాక నన్షియో. అప్పుడు ఆర్చిబిషప్ ని చేస్తారు. కానీ ఆర్చిబిషప్ కి ఒక మేత్రాసనం ఉండాలి కదా? అందుకని ఎప్పుడో వందల ఏళ్ళ కిందట అంతరించిపోయిన ఒక మేత్రాసనం పేరు ఇస్తారు. ఊరు పేరు ఉంటుంది, జనం ఉండరు. మన దగ్గర ఎవరూ లాగిన్ కాని పాత అప్లికేషన్ కి 'ఓనర్' అని ఒక పేరు రాసి పెడతాం చూడండి, అలాగ. నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే అందులో బాధ కూడా కనిపించింది. గొర్రెల కాపరి కావాలని ఫాదర్ అయినవాడికి జీవితాంతం మంద ఉండదు.

ఉదాహరణకి లియోపోల్దో గిరెల్లి గారు. ఇటలీలో బెర్గామో ప్రాంతం మనిషి, 1953 లో పుట్టారు. 1987 లో దౌత్య సర్వీసులో చేరారు. కామెరూన్, న్యూజిలాండ్, రోమ్ లో డెస్కు పని, అమెరికా. 2006 లో ఇండోనేషియాకి నన్షియో. 2011 లో సింగపూర్. 2017 లో ఇజ్రాయెల్, సైప్రస్, ఇంకా జెరూసలెం బాధ్యత. 2021 మార్చిలో భారతదేశానికి. ఈ రెజ్యూమె చూస్తే మనం ఆన్ సైట్, ఆన్ సైట్ అని కొట్టుకోవడం ఏమిటా అనిపిస్తుంది. మనకి కనీసం డిపెండెంట్ వీసా ఉంటుంది. వీళ్ళకి పెళ్ళాం పిల్లలు లేరు, సొంత ఊరు లేదు. ఒక భాష నోటికి పట్టేలోపు ట్రాన్స్ ఫర్ ఆర్డరు వస్తుంది.

గిరెల్లి గారి రెజ్యూమెలో 2011 దగ్గర ఇంకో లైను ఉంది: వియత్నాం కి 'నివాసం లేని ప్రతినిధి'. నాకు అన్నింటికంటే నచ్చిన లైను అదే. 1975 లో కమ్యూనిస్టులు సైగాన్ పట్టుకున్నాక ఆ దేశంతో వాటికన్ కి సంబంధాలు తెగిపోయాయి. ఎన్నో ఏళ్ళ చర్చల తర్వాత, దేశంలో ఉండకూడదు, వచ్చి పోవచ్చు అనే షరతు మీద 2011 లో ఒక ప్రతినిధికి ఒప్పుకున్నారు. సింగపూర్ లో ఉంటూ గిరెల్లి గారు ఆ పని మోశారు. హనోయిలో నివాసం ఉండే ప్రతినిధికి ఒప్పందం కుదిరింది 2023 లో, పంపింది జలెవ్ స్కీ గారిని. అప్పటికి గిరెల్లి గారు ఢిల్లీలో ఉన్నారు. 48 ఏళ్ళ ప్రాజెక్టు. అందులో పనిచేసినవాళ్ళు చాలామంది రిలీజు చూడలేదు. మనం రెండు వారాల స్ప్రింట్ ఆలస్యమైతే ఎస్కలేషన్ మెయిల్ పెడతాం.

తెగువ కథలు కూడా ఉన్నాయి. 2003 మార్చిలో బాగ్దాద్ మీద బాంబులు పడుతున్నప్పుడు విదేశీ రాయబారులు వరసగా సర్దుకుని వెళ్ళిపోతుంటే నన్షియో ఫిలోనీ గారు అక్కడే ఉండిపోయారు. సిరియాకి 2008 లో నియమితులైన జెనారీ గారు యుద్ధం మొదలయ్యాక కూడా డమాస్కస్ వదల్లేదు. 2016 లో కార్డినల్ ని చేసినా ఆయన్ని అక్కడే ఉంచారు. 2003 డిసెంబరులో బురుండిలో మైకేల్ కోర్ట్నీ అనే ఐరిష్ నన్షియోని దారికాచి కాల్చి చంపారు. ఇవన్నీ చదివాక 'విందులు తినే ఉద్యోగం' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అలాగని అందరూ దేవదూతలేం కాదు. డొమినికన్ రిపబ్లిక్ లో నన్షియోగా ఉన్న వెసొలోవ్ స్కీ మీద మైనర్ల పట్ల లైంగిక నేరాల ఆరోపణలు వస్తే 2013 లో వెనక్కి పిలిచారు, 2014 లో గురుత్వం తీసేశారు, 2015 లో విచారణ పూర్తయ్యేలోపే చనిపోయాడు. పారిస్ లో నన్షియో వెంతూరా కి 2019 లో వాటికనే దౌత్య రక్షణ తొలగించింది. 2020 డిసెంబరులో అక్కడి కోర్టు లైంగిక దాడి కేసులో దోషి అని తేల్చింది. దౌత్య రక్షణ అనే కవచం మంచివాడికీ చెడ్డవాడికీ ఒకే సైజులో కుడతారు. గుట్టు ఎక్కువున్న ఉద్యోగంలో తప్పు కూడా గుట్టుగా పెరుగుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు కాక ప్రశ్న. పోప్ కి ఎట్ల ఎరుక?

పద్ధతి ఇది. ఒక ప్రాంతంలోని బిషప్పులు మూడేళ్ళకొకసారి కూర్చుని, బిషప్ కాదగిన ఫాదర్ల పేర్లు రాసుకుంటారు. ఎక్కడైనా పీఠం ఖాళీ అయితే నన్షియో రంగంలోకి దిగుతారు. ఆ మేత్రాసనం అవసరాలేమిటో కనుక్కుంటారు. పరిశీలనలో ఉన్నవాళ్ళ గురించి తెలిసినవాళ్ళకి ప్రశ్నావళి పంపుతారు. మనిషి ఎలాంటివాడు, ఆరోగ్యం ఎలా ఉంది, కుటుంబం ఎలాంటిది, చదువేమిటి, డబ్బు విషయంలో ఎలా ఉంటాడు లాంటివి. జవాబులన్నీ చూసి ముగ్గురి పేర్లు, తన అభిప్రాయంతో సహా రోమ్ కి పంపుతారు. మన లాటిన్ మేత్రాసనాల ఫైళ్ళు 1622 లో మొదలైన మిషన్ల విభాగానికి పోతాయి. అక్కడినుంచి పోప్ బల్ల మీదకి. చివరి సంతకం పోప్ దే. కానీ ఆ బల్ల మీదకి ఏ మూడు పేర్లు పోవాలన్నది చాలావరకు ఢిల్లీలో తేలుతుంది. ఈ మొత్తం వ్యవహారం రహస్యం. ఎవర్ని అడిగారో బయటికి చెప్పరు, అడిగినవాళ్ళు నోరు మెదపకూడదు, పరిశీలనలో ఉన్న మనిషికి కూడా తెలియకూడదు.

కార్డినల్ ని చేయడం పోప్ సొంత నిర్ణయం. కానీ కర్నూలుకి 2008 లో బిషప్, హైదరాబాద్ కి 2020 లో ఆర్చిబిషప్ అయ్యాక కదా పూల ఆంథోనీ గారు ఆయన కంటికి ఆనింది! ఆ రెండు మెట్లూ ఈ దారిలోవే.

దీంట్లో మనకేంటి అంటారా? చాలా ఉంది. తెలుగు కాథలిక్కుల్లో ఎక్కువమంది దళితులు. హైదరాబాద్ మేత్రాసనం 1886 నాటిది, 1953 లో అగ్రపీఠం అయింది. అక్కడ ఒక దళితుడు ఆర్చిబిషప్ గా కూర్చోవడానికి 2000 దాకా ఆగాల్సొచ్చింది. మారంపూడి జోజి గారు. హైదరాబాద్ లోనే కాదు, దేశం మొత్తమ్మీద ఆయనే మొదటి దళిత ఆర్చిబిషప్. చర్చిలో కులవివక్ష ఉందని భారత బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో తన విధాన పత్రంలో తానే ఒప్పుకుంది. పూల ఆంథోనీ గారు ఏడో తరగతి తర్వాత పేదరికంతో బడి మానేయాల్సి వచ్చిన పిల్లవాడు. మిషనరీలు మళ్ళీ చదివించారు. అలాంటి పిల్లవాళ్ళు ఎంతమంది ఆ ప్రశ్నావళిలో 'కుటుంబం ఎలాంటిది' అనే గడి దగ్గర ఆగిపోయారో ఎవరు చెప్పగలరు? ఆ గడి పూరించే మనిషి మనసులో కులం ఉంటే, రోమ్ లో కూర్చున్నవాళ్ళకి అది కనపడదు. వాళ్ళకి కనిపించేది 'అంత అనుకూలం కాదు' అనే ఒక ముక్క.

మనం రోజూ చూసేదే ఇది. ప్రమోషన్ కమిటీ మూసిన తలుపు వెనక కూర్చుంటుంది, 'లీడర్ షిప్ కి ఇంకా రెడీ కాదు' అని ఒక లైను బయటికి వస్తుంది. ఆ లైను ఎవరు రాశారు, ఎందుకు రాశారు తెలీదు. నాకూ ఒకసారి తగిలింది. నేనైతే రెజ్యూమె అప్ డేట్ చేసుకుని ఇంకో కంపెనీ చూసుకున్నాను. ఒక ఫాదర్ కి ఆ దారి లేదు. ఆ విచారణలో కూర్చునే జనానికి అసలే లేదు.

రహస్యం ఎందుకో నాకు అర్థం కాకపోలేదు. పేర్లు ముందే బయటపడితే ఫ్లెక్సీలు వెలుస్తాయి, కులసంఘాలు దిగుతాయి, ఎమ్మెల్యే ఫోన్ చేస్తాడు. మన ఊళ్ళలో సర్పంచ్ ఎన్నిక చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. అడిగినవాడు నిర్భయంగా నిజం చెప్పాలంటే కొంత గుట్టు ఉండాల్సిందే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఊళ్ళో పలుకుబడి లేనివాడికి కొన్నిసార్లు బయటినుంచి వచ్చిన మనిషే దిక్కు. ఏ కులమూ లేని ఒక విదేశీయుడు ఢిల్లీలో కూర్చుని ఫైలు చూడటం వల్ల జోజి గారి లాంటివాళ్ళకి తలుపు తెరుచుకునే వీలుంటుంది. ఇక్కడివాళ్ళకే పూర్తిగా వదిలేస్తే ఇక్కడి బలవంతులే గెలుస్తారు. అందుకని నన్షియో పదవే వద్దు అనే వాదనతో నేను ఏకీభవించను.

కానీ పేర్లు గుట్టుగా ఉంచడం వేరు, పద్ధతినే గుట్టుగా ఉంచడం వేరు. పాస్ వర్డ్ దాచాలి, ఆల్గరిదమ్ దాచకూడదు అని మనకి మొదటి సంవత్సరంలోనే చెప్తారు కదా. ఫలానా మేత్రాసనానికి ఫలానా నెల నుంచి అభిప్రాయాలు తీసుకుంటున్నాం, ఇంతమంది ఫాదర్లని, ఇంతమంది సిస్టర్లని, ఇంతమంది మామూలు విశ్వాసుల్ని అడిగాం, అందులో ఆడవాళ్ళు ఇంతమంది, దళితులు ఇంతమంది అని నన్షియో కార్యాలయం ఒక కాగితం ముక్క బయటపెడితే ఏ రహస్యం పోతుంది? ఎవరి పేరూ బయటికి రాదు. కానీ కాక లాంటి మనిషికి తన లాంటివాణ్ణి ఎవరో అడిగారని తెలుస్తుంది.

'చర్చి ప్రజాస్వామ్యం కాదు' అని నా కాథలిక్ మిత్రుడే అన్నాడు. నిజమే. కానీ క్రీ.శ. 374 లో మిలాన్ లో ఆంబ్రోస్ ని బిషప్ ని చేసింది జనం కేకలే. ఇప్పటి చర్చి చట్టం కూడా, అవసరమనుకుంటే వివేకం ఉన్న మామూలు విశ్వాసుల్ని అడగవచ్చని నన్షియోకి చెప్తుంది. 'అడగవచ్చు' అన్న చోట 'అడగాలి' అని మార్చమనడమే నా వాదన. ఇది నా సొంత తిక్క కూడా కాదు. 2024 అక్టోబరులో రోమ్ లో ముగిసిన సినడ్ తన తుది పత్రంలో బిషప్పుల ఎంపికలో జనం గొంతు ఇంకా ఎక్కువ వినపడాలని కోరింది. బిషప్పుల ఎంపిక మీద, పోప్ రాయబారుల పాత్ర మీద అధ్యయన బృందాలు కూడా ఏర్పడ్డాయి. అంటే ఈ టికెట్ ఇప్పటికే ఓపెన్ అయి ఉంది. మూసేయకుండా చూడాల్సింది ఆ చర్చిలో ఉన్నవాళ్ళు.

ఇంకొక్క విషయం. భారతీయ నన్షియోలు అనగానే కేరళ పేర్లు వినపడతాయి. జింబాబ్వే, బంగ్లాదేశ్ లలో పనిచేసిన జార్జ్ కోచేరి, హోండురాస్, మొజాంబిక్ లలో పనిచేసిన జార్జ్ పనికుళం, పపువా న్యూ గినీ, అల్జీరియాల్లో పనిచేసిన కురియన్ వయలుంకల్. పోప్ ప్రయాణాలు చూసుకున్న దౌత్యవేత్త జార్జ్ కూవక్కాడ్ 2024 డిసెంబరులో నేరుగా కార్డినల్ అయ్యారు. కేరళవాళ్ళకి రెండు వేల ఏళ్ళ చర్చి ఉంది, నెట్ వర్క్ ఉంది, సరే. కానీ రోమ్ అకాడమీకి ఎవర్ని పంపాలో మొదట ఎంచేది ఎవరి బిషప్ వాళ్ళే. మన తెలుగు బిషప్పులు విచారణల్లో ఉన్న చురుకైన పేద పిల్లల్ని చూసి, భాషలు నేర్పించి అటు పంపితే? సాఫ్ట్ వేర్ లోకి మన పల్లెల పిల్లలు వచ్చింది కూడా ఎవరో ఒకరు తలుపు చూపించబట్టే కదా. 1958 లో పోప్ అయిన 23వ జాన్ కూడా రైతుబిడ్డే. బల్గేరియా, టర్కీ అని ఇరవై ఏళ్ళు ఎవరికీ పట్టని పోస్టింగుల్లో తిరిగి, తర్వాత పారిస్ కి నన్షియోగా వెళ్ళాడు.

ఈ మధ్య ఊరికి పోయినప్పుడు కాకకి ఇదంతా నాకు చేతనైనట్టు చెప్పాను. ఢిల్లీలో ఒక సారు ఉంటడు, ఆయన అందరినీ అడిగి మూడు పేర్లు పంపుతడు, పోప్ ఒకటి తీస్తడు అని. కాక అంతా విని, బీడీ ఆర్పి అన్నాడు:

"మంచిగనే ఉన్నది బిడ్డా. గని మా అసుంటోళ్ళను అడిగినోడు ఒక్కడు గూడ మాకు ఎరుక లేడు."

వచ్చేటప్పుడు చిలుకూరు మలుపు దగ్గర కారు ఆపాను. ఆ గుళ్ళో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు, ఎంత పెద్దవాడైనా వరసలోనే నిలబడాలి. అందుకే ఆ గుడంటే నాకు అంత ఇష్టమేమో. దేవుడి దగ్గరికి వరస ఒకటే అయినప్పుడు, దేవుడి మనుషుల్ని ఎంచే చోట కూడా కాకకి ఆ వరసలో ఒక చోటు ఉండాలి.

మీరేమంటారు? కాథలిక్ మిత్రులు ఎవరైనా ఉంటే, మీ విచారణలో ఎప్పుడైనా ఎవరైనా మిమ్మల్ని అడిగారో లేదో చెప్పండి. అడిగిన విషయం చెప్పకూడదంటే వద్దులెండి, అడగని విషయం చెప్పడానికి ఏ రహస్యమూ అడ్డం రాదు కదా!